అప్పుడప్పుడూ వెళ్లే ఇంటికి సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ: ఏది తీసుకోవాలి?

కొండదారి
అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నానే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు అవసరం పడింది. నేనూ మా చెల్లీ కలిసి కొండ మీద ఒక చిన్న ఇల్లు తీసుకున్నాం, సెలవులకి వెళ్లి ఉండటానికి. మా ఇంటి నుంచి 210 కి.మీ. అందులో చివరి 7 కి.మీ. మట్టి దారి, రెండు చోట్ల బాగా నిటారుగా ఉంటుంది, వాన పడితే జారుడు. ఇప్పుడున్న చిన్న కారు కింద రాళ్లు తగిలి రెండుసార్లు సైలెన్సర్ ఊడినంత పనైంది.

వెళ్లేది నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (11, 6 ఏళ్లు), అమ్మ. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఏడాదికి నాలుగైదు సార్లు, వెళ్తే మూడు నాలుగు రోజులు. మిగతా రోజులు బండి అక్కడే మట్టి దారి మొదట్లో షెడ్డులో పెట్టేసి, మేము చిన్న కారులో కింద దాకా వెళ్లి మారదామా అని కూడా ఒక ఆలోచన ఉంది. చెల్లి వాళ్లు వచ్చినప్పుడు వాళ్లూ వాడుకుంటారు.

మా ఆవిడ మూడు వరసల సీట్లు కావాలంటోంది. బావ ఫోర్ బై ఫోర్ (ఇంజన్ నాలుగు చక్రాల్నీ తిప్పేది) లేకపోతే దండగ అంటున్నాడు. నా లిస్టులో ఒక పక్క టొయోటా ప్రాడో, మిత్సుబిషి పజేరో లాంటివి, ఇంకో పక్క హోండా సీఆర్‌వీ, టొయోటా రావ్4, సుబారు ఫారెస్టర్, మాజ్డా సీఎక్స్-5 లాంటివి ఉన్నాయి. పాతదే కొంటాను, కొత్తది కొని ఏడాదిలో 340 రోజులు షెడ్డులో పెట్టడానికి మనసొప్పదు. ఏది తీసుకోమంటారు?

అద్దెబండి
ఏడాదికి ఐదుసార్లకి బండి కొనడమెందుకు, వెళ్లినప్పుడల్లా అద్దెకి తీసుకో. ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ ఏ గోలా ఉండదు.

కొండదారి
అద్దె బండి మట్టి రోడ్డు ఎక్కించకూడదని వాళ్ల కాగితాల్లోనే రాసి ఉంది అన్నా. పైగా సెలవుల్లోనే అందరికీ కావాలి, దొరకవు.

రెండోగేర్
మీ బావ చెప్పింది కరెక్ట్. నిటారు ఎక్కుడు, జారుడు మట్టి అన్నావు, ఇంక ఆలోచించేదేముంది. ప్రాడో గానీ, మంచి పజేరో గానీ వెతుకు. లో రేంజ్ గేర్ (బండిని నిదానంగా, ఎక్కువ బలంతో నడిపే అదనపు గేరు) ఉన్న బండి తీసుకుంటే ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. బ్రేక్ మీద కాలు పెట్టకుండా ఇంజనే బండిని పట్టుకుని నిదానంగా దించుతుంది. ప్రాడో అయితే చాసిస్ (విడి ఇనప చట్రం) మీద కట్టిన బండి కాబట్టి పదిహేనేళ్లయినా గుంతల దారిని ఓర్చుకుంటుంది.

పాతస్పానర్
రెండోగేర్ తమ్ముడు ఎప్పటిలాగే తన బండినే అందరికీ అమ్ముతున్నాడు. (సరదాకి అన్నాను, కోప్పడకు.)

నేను ఇరవై ఏళ్ల పైనే గ్యారేజీలో చేతులు నల్లగా చేసుకున్నవాణ్ని. నా ప్రశ్న వేరే. కొండదారి గారూ, మీరు 7 కి.మీ. గురించే ఆలోచిస్తున్నారు, 340 రోజుల గురించి ఆలోచించట్లేదు. మట్టి దారి చాలా బండ్లు ఎక్కుతాయి. నెలల తరబడి కదలకుండా నిలబడి, మళ్లీ తాళం తిప్పగానే మారు మాట్లాడకుండా స్టార్ట్ అయ్యే బండి ఏదీ అన్నది మీకు అసలు సమస్య. తిరిగే బండి కన్నా నిలబడే బండికి జబ్బులెక్కువ.

నిలబడితే ఏమవుతుందో చెప్తాను, చదివాక బండి వెతకండి. బ్యాటరీ దిగుతుంది. టైర్లు ఒకే చోట బరువు మోసి చదును పడతాయి, రబ్బరు ఎండి పగుళ్లిస్తుంది. బ్రేక్ డిస్కుల మీద తుప్పు పేరుకుంటుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే లైనింగ్ అతుక్కుపోయి చక్రం కదలదు. పెట్రోలు పాతబడుతుంది, ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాలిలో తేమ కూడా పీలుస్తుంది, మూడు నుంచి ఆరు నెలలు దాటితే నేనైతే నమ్మను. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చేదే, కిలోమీటర్లతో పని లేకుండా రెండేళ్లకోసారి మార్చుకోవాలి. ఇక ఎలుకలు. ఇంజన్ కింద వెచ్చగా, చీకటిగా ఉంటుంది, వైర్లు కొరకడానికి దొరుకుతాయి, వాటికి అంతకన్నా మంచి ఇల్లు ఉండదు.

కాబట్టి ఎలక్ట్రానిక్స్ తక్కువగా ఉండి, దగ్గర్లోని ఏ మెకానిక్ అయినా విప్పగలిగే పెట్రోల్ బండి చూడండి. డీజిల్ వద్దంటాను, ఎందుకో అడిగితే చెప్తా.

కొండదారి
అడుగుతున్నాను, చెప్పండి. డీజిల్ అయితే కొండ మీద బాగా లాగుతుందని కదా అంటారు?

పాతస్పానర్
లాగుతుంది, కాదనను. కానీ ఇప్పటి డీజిల్ బండ్లకి పొగ గొట్టంలో డీపీఎఫ్ అని మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు లోపల వేడి 600 డిగ్రీల దాకా పెంచి మసిని కాల్చుకుంటుంది. ఆ పని పూర్తవ్వాలంటే బండి హైవే మీద కనీసం ఓ పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా పోవాలి. మీరు 210 కి.మీ. ఆ బండిలోనే వస్తే ఏ ఇబ్బందీ లేదు, డీజిలే హాయి. బండిని అక్కడే వదిలేసి ఇంటికీ కింద షాపుకీ మధ్య ఏడేసి కి.మీ. తిప్పితే మాత్రం ఫిల్టర్ మూసుకుపోవడం ఖాయం. కనుక ముందు అది తేల్చుకోండి. బండి మీతో వస్తుందా, అక్కడే ఉంటుందా? ఇది తేలకుండా మోడల్ పేర్లు చర్చించడం వృథా.

లెక్కలమాస్టారు
బ్యాటరీ గురించి అన్నారు కాబట్టి లెక్క కట్టి చూపిస్తా. తాళం తీసేసినా బండిలో అలారం, గడియారం, రిమోట్ రిసీవర్ కొంచెం కొంచెం కరెంట్ లాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలే అంటారు. మీ బండి 30 లాగుతుందనుకుందాం. రోజుకి 0.72 ఆంపియర్ అవర్లు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సుమారు 41 రోజుల్లో సగానికి దిగిపోతుంది, అదీ కొత్త బ్యాటరీ అయితే, తనంతట తాను దిగేది లెక్కలో కలపకపోతే. మీరు రెండున్నర నెలలకోసారి వెళ్తారు. ఫలితం ఊహించుకోండి.

కీలెస్ బండి అయితే తాళంచెవిని బండి పక్కనే గోడకి తగిలించకండి. తాళం దగ్గర్లో ఉందనుకుని బండి మాటిమాటికీ మేలుకుని ఇంకా ఎక్కువ తాగుతుంది.

మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు వంతు, 12 దగ్గరికి వస్తే దాదాపు అయిపోయినట్టే.

హైబ్రిడ్‌బాబు
రావ్4 హైబ్రిడ్ చూడొచ్చు కదా? దాంట్లో పెద్ద బ్యాటరీ ఉంటుంది, ఈ బాధ ఉండదు.

లెక్కలమాస్టారు
ఉంటుంది బాబూ, ఇంకా ఎక్కువే ఉంటుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా సరే, కంప్యూటర్లని మేల్కొలిపేది ఆ చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. అది చచ్చిపోతే బండి రెడీ కాదు. హైబ్రిడ్ రోజూ తిరిగేవాళ్లకి బంగారం. నెలలు నిలబెట్టేవాళ్లకి కాదు, పెద్ద బ్యాటరీ కూడా వాడకుండా ఉంటే దెబ్బతింటుంది.

వెనకసీటు
మీరంతా ఇంజన్లు పట్టుకుని కూర్చున్నారు, ఇంట్లో ఆడవాళ్లు అడిగింది ఎవరూ పట్టించుకోలేదు. మూడో వరస గురించి నేను చెప్తాను, మా దగ్గర ఏడు సీట్ల బండి ఆరేళ్లుంది.

కొండదారి గారూ, మీరు ఐదుగురు. మూడో వరస తెరిస్తే చాలా బండ్లలో వెనక సామాను చోటు రెండు బ్యాగులకి సరిపోతే గొప్ప. సెలవుల ఇంటికి వెళ్లేటప్పుడు పరుపులు, సరుకులు, పిల్లల సైకిలు అన్నీ ఉంటాయి. పైన క్యారియర్ మీద వేద్దామంటే దానికీ లెక్కుంది, చాలా బండ్లకి పైకప్పు మీద 75 నుంచి 100 కిలోల మించి వేయకూడదని మాన్యువల్‌లో ఉంటుంది, అందులో క్యారియర్ బరువూ కలిపే. కాబట్టి ఆ మూడో వరస ఎప్పుడూ మడిచే ఉంటుంది, మాది ఆరేళ్లలో పదిసార్లు తెరిచామేమో.

ఇంకో విషయం. పాత మోడళ్లు చాలావాటిలో పక్క కిటికీల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మూడో వరస దాకా రాదు. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు కూడా అక్కడ చాలావాటికి ఉండవు. మీ ఆరేళ్ల బాబునో పాపనో అక్కడ కూర్చోబెట్టే ముందు ఇది చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు అమ్మగారిని వెంట తీసుకెళ్లండి. ఎక్కి దిగమనండి, రెండుసార్లు. మా అత్తగారు పెద్ద చాసిస్ బండి ఎక్కలేక ప్రతిసారీ ఒక స్టూలు వెంట మోసుకెళ్లేవాళ్లం.

రెండోగేర్
స్టూలు ఎందుకండీ, సైడ్ స్టెప్పులు వేయించుకోవచ్చు కదా.

వెనకసీటు
వేయించాం బాబూ. బట్టలకి బురద అంటుకుంటుందని ఆవిడ దాన్ని దాటి ఎక్కేది.

తడిమట్టి
మాది సముద్రం పక్క ఇల్లు కాబట్టి నా అనుభవం కొంచెం వేరు. కానీ కొనేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నా. నాలుగేళ్ల కిందట ఒక ఎస్‌యూవీ కొన్నాను, ఏ కంపెనీదో అనవసరం. 11 ఏళ్ల బండి, 35,000 కి.మీ. మాత్రమే తిరిగింది. పెయింట్ మెరిసిపోతోంది, సీట్లు కొత్తవాటిలా ఉన్నాయి, నేను ఎగిరి గంతేసి కొనేశాను. మొదటి ఏడాదిలోనే నాలుగు టైర్లు, రేడియేటర్ పైపులు, సస్పెన్షన్ బుష్‌లు, ఏసీ కంప్రెసర్ సీలు, అన్నీ వరసగా పోయాయి. మెకానిక్ అన్నాడు, సార్, ఇవి తిరిగి అరిగినవి కావు, నిలబడి ఎండినవి అని. కింద చూస్తే చాసిస్ కీళ్ల దగ్గర తుప్పు పొరలు పొరలుగా ఊడొస్తోంది. అమ్మినవాడిది కూడా సముద్రం పక్క ఇల్లేనట, అది నాకు తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి తక్కువ కిలోమీటర్లు అనగానే నాకు ముచ్చటేయదు, అనుమానమొస్తుంది.

పాతస్పానర్
తడిమట్టి గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి తోడు టైమింగ్ బెల్ట్, అంటే ఇంజన్ లోపల వాల్వులూ పిస్టన్లూ వరస తప్పకుండా కదిలేలా చూసే రబ్బరు పట్టీ. బెల్ట్ ఉన్న ఇంజన్లకి కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. ఉదాహరణకి హోండా పైలట్‌లో వచ్చిన 3.5 లీటర్ల వీ6 కి బెల్టే. అదే పదేళ్ల బండి 40,000 తిరిగిందంటే, ఇంకా కిలోమీటర్లు చాలా ఉన్నాయి కదా అనుకుని వదిలేస్తారు. బెల్ట్ తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి, బండి ఖరీదులో సగం ఖర్చు అక్కడే. మీ లిస్టులో మాజ్డా సీఎక్స్-5 కి చైన్, ఫారెస్టర్‌లో 2011 ప్రాంతంలో వచ్చిన కొత్త తరం ఇంజన్లకీ చైనే. అంతకు ముందు ఫారెస్టర్ 2.5 లీటర్ల ఇంజన్‌కి బెల్ట్, హెడ్ గాస్కెట్ లీకులకి పేరు మోసింది కూడా. ఆ పాత ఇంజన్ జోలికి మాత్రం పోకండి.

రెండోగేర్
సరే, అందరూ ఇంటి బండ్ల వైపే లాగుతున్నారు. వాన రోజు ఆ ఎక్కుడు మీద చిక్కుకుంటే అప్పుడు చైనూ బెల్టూ లాగవు గదా మిమ్మల్ని.

పాతస్పానర్
తమ్ముడూ, నీ మాటలో న్యాయం ఉంది కానీ పూర్తిగా లేదు. ఫోర్ బై ఫోర్ బండిని కదిలిస్తుంది. ఆపేదీ తిప్పేదీ టైర్లే. అరిగిన టైర్లున్న ప్రాడో కన్నా మంచి పట్టున్న టైర్లు వేసిన మామూలు బండి తడి మట్టిలో నయం. దిగేటప్పుడు లో రేంజ్ సుఖం అన్నావు, అది ఒప్పుకుంటా.

ఇంకోటి, చాలామంది పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్ కొని, లివర్ వేసుకుని తారు రోడ్డు మీద కూడా అలాగే నడిపేస్తారు. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉండదు కాబట్టి మలుపుల్లో గేర్లు ఒకదాన్నొకటి మెలితిప్పుకుంటాయి, రెండు ఇరుసులకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడిపే బండి, ఆ లివర్ ఎప్పుడు వేయాలో ఎప్పుడు తీయాలో మీ చెల్లికీ బావకీ తెలుసా? తెలియకపోతే దానంతట అదే చూసుకునే ఆల్ వీల్ డ్రైవ్ నయం.

రెండోగేర్
ఇది ఒప్పుకుంటా. మా తమ్ముడే నా బండిని ఒకసారి అలా 60 కి.మీ. నడిపాడు. పార్కింగ్‌లో తిప్పుతుంటే టైర్లు కీచుమంటున్నాయని ఫోన్ చేశాడు. కోపం ఆపుకోవడానికి వారం పట్టింది.

అయితే కొండదారీ, ఒక పని చెయ్యి. పోటీలు పక్కన పెట్టి, వాన పడ్డ మర్నాడు ఆ దారికి వెళ్లి నిలబడు. అక్కడ రోజూ తిరిగేవాళ్లు ఏ బండ్లలో తిరుగుతున్నారో చూడు. మామూలు కార్లు తిరుగుతుంటే నీకు లో రేంజ్ అక్కర్లేదు. ట్రాక్టర్లు తప్ప ఏవీ కనబడకపోతే నా మాట విను.

కొండదారి
ఇంత మంచి సలహా డబ్బులిచ్చినా దొరకదు. శనివారం వెళ్లి వచ్చాను. శుక్రవారం రాత్రి గట్టి వానే పడింది. గంటన్నర నిలబడ్డాను. మూడు మామూలు కార్లు ఎక్కాయి, ఒకటి రెండో ఎక్కుడు దగ్గర జారి వెనక్కొచ్చి మళ్లీ ప్రయత్నించి ఎక్కింది. ఒక పాత వ్యాను నిండా జనంతో అలా వెళ్లిపోయింది. ట్రాక్టర్లు రెండే. అంటే లో రేంజ్ లేకున్నా గడుస్తుంది, కింద ఎత్తు మాత్రం కావాలి.

బండి అక్కడే పెట్టాలని కూడా తేల్చుకున్నాం. కాబట్టి డీజిల్ పోయింది. అమ్మని తీసుకెళ్లి షోరూముల్లో ఎక్కించి దించాను. పెద్ద చాసిస్ బండిని చూసి, నేను ఎక్కను, మీరు వెళ్లి రండి అంది. ప్రాడో పోయింది. మా ఆవిడకి వెనకసీటు గారి పోస్టు చదివి వినిపించాను, మూడో వరస కూడా పోయింది. లిస్టు సగమైంది.

ఇప్పుడు రెండు బండ్లు దొరికాయి. ఒకటి పదేళ్లలో 38,000 మాత్రమే తిరిగింది, బిల్లులు రెండే ఉన్నాయి. రెండోది 2015 ఫారెస్టర్, పెట్రోల్ ఆటోమేటిక్, 1,38,000 తిరిగింది, ఒకే ఓనరు, ఇంత మందాన ఫైలు ఉంది, వైపర్ బ్లేడు మార్చిన బిల్లు కూడా దాచుకున్నాడు. నెల కిందట వరకైతే కళ్లు మూసుకుని మొదటిది కొనేవాణ్ని. చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి?

పాతస్పానర్
ఆ వైపర్ బ్లేడు మనిషిని నేను కలవకుండానే ఇష్టపడ్డాను.

వెళ్లే ముందు ఫోన్ చేసి, మేము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకు ముందే స్టార్ట్ చేశారో అడగండి. చల్లగా ఉన్న ఇంజన్ మొదటిసారి తిరిగేటప్పుడు వచ్చే గరగర, నీలం పొగ, ఇవన్నీ వేడెక్కాక దాక్కుంటాయి.

తర్వాత బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే చిన్న ఓబీడీ స్కానర్ పెట్టండి. ఫాల్ట్ కోడ్లు ఏమీ లేవంటే వెంటనే సంతోషపడకండి. రెడీనెస్ మానిటర్లు అని, బండి తనకు తానే చేసుకునే పరీక్షలు ఉంటాయి, అవి ఇంకా పూర్తి కాలేదు అని ఎక్కువ చూపిస్తే, ఈమధ్యే ఎవరో కోడ్లు చెరిపేశారనో బ్యాటరీ తీసి పెట్టారనో అర్థం. ఒక వారం నడిపాక మళ్లీ చూపించమని అడగండి.

ఆల్ వీల్ డ్రైవ్ కాబట్టి నాలుగు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. రెండు కొత్తవి రెండు పాతవి వేసి తిప్పితే చుట్టుకొలత తేడాతో మధ్యలో ఉన్న క్లచ్ ఎప్పుడూ పని చేస్తూనే ఉండి అరిగిపోతుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్లు దాటితే మీ లాంటి వాడకానికి నేను మార్చేస్తాను, ట్రెడ్ ఎంతున్నా సరే. స్టెప్నీ తేదీ కూడా చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు.

ఆటోమేటిక్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ ఎప్పుడు మార్చారో ఫైలులో వెతకండి. లేకపోతే కొన్న వారంలో మార్చించండి, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

తడిమట్టి
దీనికి నాదో మాట. నీట మునిగిన బండి కాదని చూసుకోండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, లోపల మడతలో బురద గీత కనిపిస్తుంది. స్టెప్నీ తీసి దాని కింద గుంట చూడండి, కార్పెట్ మూల ఎత్తి వాసన చూడండి. లోపల అప్పుడే సెంటు కొట్టినంత వాసనొస్తే నేనైతే అటు నుంచి అటే ఇంటికొస్తా.

లెక్కలమాస్టారు
17 అక్షరాల చాసిస్ నంబరు తీసుకుని ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లని వెనక్కి పిలవడం) ఉందేమో చూడండి. పాత బండ్లలో ఇది చాలామంది చెయ్యరు. టకాటా ఎయిర్‌బ్యాగుల సంగతి గుర్తుందా, లోపలి అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ఇనప ముక్కలు ఎగిరాయి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు (ఎయిర్‌బ్యాగ్‌ని ఉబ్బించే డబ్బాలు) వెనక్కి పిలిచారు, ఎన్నో కంపెనీల బండ్లు అందులో ఉన్నాయి. ఇప్పటికీ మార్పించుకోనివి రోడ్ల మీద ఉన్నాయి. వేడి, తేమ ఉన్న షెడ్డులో నెలలు నిలబెట్టే బండికి ఇది చూసుకోకపోతే ఎలా. రీకాల్ పనిని కంపెనీయే ఉచితంగా చేస్తుంది.

కొండదారి
రెండూ చూసొచ్చాను. 38,000 బండికి వెళ్లగానే బానెట్ వెచ్చగా ఉంది. అడిగితే, కడగడానికి పక్కకి తీశామన్నారు. టైర్లు నాలుగూ బండితో వచ్చినవే, తేదీ చూస్తే బండంత వయసు. ట్రెడ్ మాత్రం కొత్తదానిలా ఉంది, నెల కిందట అయితే అది చూసి మురిసిపోయేవాణ్ని. స్కానర్ పెడితే నాలుగు మానిటర్లు పూర్తి కాలేదంది. నేను ఏమీ అనలేదు, ఆలోచించి చెప్తానని వచ్చేశాను.

ఫారెస్టర్ ఆయన బండి పక్కన కుర్చీ వేసుకుని ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంజన్ చల్లగా ఉంది. ముందు టైర్లు రెండూ కొత్తవి, వెనకవి బాగా అరిగాయి, పాతస్పానర్ గారు చెప్పిన లెక్కే. అది చూపించి నాలుగు టైర్ల ఖర్చు తగ్గించమంటే రెండింటికి ఒప్పుకున్నాడు. గేర్ ఆయిల్ రెండేళ్ల కిందట మార్చిన బిల్లుంది. అమ్మ ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కి కూర్చుని ఇంక దిగలేదు. కింద ఎత్తు 220 మి.మీ. ఉంది, ఆ రాళ్లకి సరిపోతుంది. మీ గ్యారేజీ లాంటి ఒక మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి కింద చూపించాను, ఒక స్టీరింగ్ రాడ్ బూటు చిరిగింది తప్ప తుప్పు లేదన్నాడు.

కొనేశాను.

వెనకసీటు
అభినందనలు! అమ్మగారు ఒప్పుకున్నాక ఇంక ఎవరు కాదంటారు.

రెండోగేర్
శుభం. టైర్లు నాలుగూ కాస్త మట్టికి పట్టుండే రకం వేయించు, తారు రోడ్డు మీద కొంచెం శబ్దం చేస్తాయి, పర్వాలేదు. ఒక తాడు, చిన్న పార, గాలి కొట్టే పంపు బండిలో పడేయి. ప్రాడో తీసుకోలేదని కోపం లేదు, కొంచెం బాధ ఉంది అంతే.

పాతస్పానర్
మంచి పని చేశారు. ఇక నిలబెట్టే పద్ధతి చెప్తాను. వదిలి వచ్చేటప్పుడు ట్యాంకు నింపేయండి, ఖాళీ చోటు తక్కువుంటే లోపల తేమ పట్టడం తగ్గుతుంది. టైర్లకి కొంచెం గాలి ఎక్కువ పెట్టండి. చదును నేల మీద గేరు పీ లో పెట్టి చక్రాలకి అడ్డాలు పెట్టండి, హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు. షెడ్డులో కరెంట్ ఉంటే బ్యాటరీకి మెయింటెయినర్ ఛార్జర్ (దిగకుండా కొంచెం కొంచెంగా నింపుతూ ఉండేది) తగిలించండి, లేకపోతే నెగటివ్ టెర్మినల్ విప్పేయండి, 10 మి.మీ. స్పానర్ చాలు. మధ్యలో ఎవరినైనా పంపి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపమని చెప్పకండి, అది మేలు కన్నా కీడు. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్లో సైలెన్సర్లో తేమ మిగిలిపోతుంది. నడిపితే అరగంట నడపాలి, లేదంటే ముట్టుకోకూడదు.

బానెట్ కింద ఎలుకల గూడు ఉందేమో వెళ్లిన ప్రతిసారీ స్టార్ట్ చేయకముందే చూడండి.

కొండదారి
మూడు నెలల తర్వాత రాస్తున్నాను, ఏమైందో చెప్పాలి కదా.

చెప్పినవన్నీ చేశాను. షెడ్డుకి కరెంట్ ఇంకా రాలేదు, అందుకని నెగటివ్ విప్పేసి, విప్పిన స్పానర్‌ని జాగ్రత్తగా టూల్ కిట్లో పెట్టి, టూల్ కిట్‌ని డిక్కీలో పెట్టి, డిక్కీ వేసి వచ్చేశాను. మీలో సగం మందికి ఇప్పటికే అర్థమై ఉంటుంది.

మొన్న రాత్రి ఎనిమిదింటికి చేరాం, వాన. బ్యాటరీ లేకపోతే రిమోట్ పని చేయదని తెలుసు, కాబట్టి కీ లోపలి చిన్న తాళంతో డ్రైవర్ తలుపు తీశాను, బానెట్ తీశాను. స్పానర్ డిక్కీలో. డిక్కీ తాళం కరెంటుతో తెరుచుకునేది. కరెంట్ ఇవ్వాలంటే స్పానర్ కావాలి. ఐదు నిమిషాలు అలా నిలబడిపోయాను. చివరికి వెనక సీటు మడిచి, మా పెద్దవాణ్ని టార్చితో సామాను మీదుగా పాకించి తెప్పించాను. వాడికి ఈ ట్రిప్పులో అన్నిటికన్నా అదే నచ్చింది.

బిగించాక ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. బ్రేకులు మొదటి వంద మీటర్లు గరగరలాడి తగ్గిపోయాయి. రెండో ఎక్కుడు బురదలోనే ఎక్కింది, అమ్మ కబుర్లు ఆపకుండానే.

పాతస్పానర్
చెప్పకపోవడం నా తప్పే. స్పానర్ గ్లవ్ బాక్స్‌లో పెట్టుకోండి, ఇంకెప్పుడూ డిక్కీలో కాదు.

రెండోగేర్
ఇది చదివి ఆఫీసులో గట్టిగా నవ్వాను, పక్కవాళ్లకి కూడా చెప్పాల్సి వచ్చింది.

కొండదారి
గ్లవ్ బాక్స్‌లో పెడితే మళ్లీ మర్చిపోతానని దాన్ని ఇంటి తాళాల గుత్తికే కట్టేశాను, ఇంక పోయే ప్రసక్తే లేదు.

లెక్కలమాస్టారు
వచ్చే వారం మీ చెల్లి వాళ్లు వెళ్తున్నారన్నారు కదా. వాళ్ల తాళాల గుత్తికి కూడా ఒకటి కట్టారా?

కొండదారి
ఒక్క నిమిషం, చెల్లికి ఫోన్ చేసి వస్తా.